రెండో బ్రేకు

"బోర్డు తీసేది లేదు," అన్నారు మాస్టారు. పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నోసారి అంటున్నారో ఇంట్లో అందరూ లెక్కపెట్టడం మానేశారు.

"తియ్యకపోతే డేరా ఎక్కడ పెట్టాలి? నా నెత్తిన పెట్టుకుని కూర్చోనా?" అంది ఆయన భార్య.

కారుకి చెరో పక్కనా నిలబడి ఉన్నారిద్దరూ. మధ్యలో కారు నెత్తిన కిరీటంలాగా పసుప్పచ్చ బోర్డు. దాని మీద స్టీరింగు బొమ్మ, డ్రైవింగ్ స్కూలు పేరు, ఫోన్ నంబరు. కారుకి ముందొక ఎర్ర 'ఎల్', వెనకొక ఎర్ర 'ఎల్'. సెలవులకి కొండలెక్కడానికి ఆ ఇంటికున్న బండి అదొక్కటే.

"కొండల్లోనూ మనుషులుంటారు. మనుషులున్న చోట డ్రైవింగ్ రానివాళ్ళూ ఉంటారు. ఊరికే వచ్చే పబ్లిసిటీ ఎందుకు వదులుకోవాలి?"

"వాళ్ళు రోజూ కొండ దిగి మీ దగ్గరికొచ్చి నేర్చుకుంటారా?"

"వ్యాపారం సంగతి నీకేం తెలుసు!"

మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న కూతురు తలెత్తింది. "డేరా నా ఒళ్ళో పెట్టుకుంటాను అమ్మా, బయల్దేరండి. మీ వాదన తేలేసరికి ఆ కొండలే అరిగిపోయేట్టున్నాయి."

అలా బోర్డు నెగ్గింది.

ఆ ఊళ్ళో స్టీరింగు పట్టుకున్న ప్రతి రెండోవాడూ మాస్టారి శిష్యుడే. పక్క సీట్లో కూర్చుని, ఇంకొకరు నడిపే బండిని తన కాలితో కాపాడటం ఆయన వృత్తి. నేర్పే కారు కనక దానికి పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే మాస్టారు ఆ రెండో బ్రేకు తొక్కుతారు. దాని చలవ వల్ల ఊళ్ళో చాలా గోడలూ కుక్కలూ బతికి బట్టకట్టాయి.

ఆయన భార్య పని స్కూలు ముందు గదిలో, బల్ల వెనకాల. ఫోన్లెత్తుతుంది, ఎవరి క్లాసు ఎప్పుడో చెబుతుంది, భయంతో చెమటలు పట్టి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెడుతుంది. "క్లచ్చంటే ఏం లేదమ్మా. పాలు పొంగొస్తుంటే మంట తగ్గిస్తాం చూడు, ఆర్పెయ్యం కదా? అంతే," అంటుంది. మాస్టారు గంటసేపు రోడ్డు మీద అరిచినా బుర్రకెక్కనిది ఆ ఒక్క ముక్కతో ఎక్కేది. అందుకని ఆడవాళ్ళు కాస్త ముందుగానే వచ్చి బల్ల దగ్గర చేరేవారు.

ఆ సంగతి ఎదుటి డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ చెవిన పడింది. రోడ్డుకి అవతల ఆ స్కూలు పెట్టినప్పటి నుంచీ అది మాస్టారి కంట్లో నలుసు. ఆవిడ ఒకనాడు కూరగాయల కొట్టు దగ్గర మాస్టారి భార్యని పక్కకి పిలిచింది. "మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళకి మీరు నేర్పుతారా? సోమవారానికి ఏ సంగతీ చెప్పండి. కాదంటే ఇంకొకరిని చూసుకుంటాను," అంది.

ఆ మాట వినగానే మాస్టారి భార్య ఒంట్లో నెత్తురు ఒక్కసారి పరుగెత్తింది. పరుగెత్తి, ఠక్కున ఆగిపోయింది. చెప్పడం వచ్చు సరే, నడపడం వచ్చా?

లైసెన్సు ఉంది, బీరువాలో బట్టల కింద. అప్పుడప్పుడు ఆదివారాలు మాస్టారు పక్కన కూర్చుంటే ఖాళీ మైదానంలో నడిపేది. నడిపిన ప్రతిసారీ బండికి ఎక్కిళ్ళొచ్చేవి. గతుక్కుమని ముందుకు తూగి, వణికి, నోరు మూసుకునేది. "నీ చేతిలో స్టీరింగు, కోతి చేతిలో కొబ్బరికాయ," అనేవారు మాస్టారు. "మీరుగానీ బ్రేకు తొక్కారా?" అని ఆవిడ ఒకసారి అడిగింది. "నా కాలు కదిపితే ఒట్టు," అన్నారాయన. ఆయనలో ఎన్ని లోపాలైనా ఉండొచ్చుగానీ అబద్ధమాడే మనిషి కాదు. దాంతో లోపం తనదేనని ఆవిడ ఒప్పేసుకుంది. మన స్కూల్లోనే ఆడవాళ్ళకి నేను నేర్పనా అని అడిగిన రోజున కూడా, "ముందు ఆ ఎక్కిళ్ళు తగ్గించుకో," అని నవ్వేశారు.

తన బండే కుదురుగా నడపలేని మనిషి ఇంకొకరికి ఏం నేర్పుతుంది? రానని చెప్పాలి, అంతే న్యాయం. కానీ ఆ 'రాను' అన్న మాట ఎంత కూడబలుక్కున్నా నోటికి రావడం లేదు. సోమవారమేమో ముంచుకొస్తోంది. కారులో ఎక్కించిన సామాన్లన్నిటి కన్నా ఆవిడకి అదే బరువుగా ఉంది.

కొండెక్కేటప్పుడు మాస్టారే నడిపారు. "మిర్రర్... గేరు... హారన్..." అని తనకి తనే పాఠం చెప్పుకుంటూ. "ఆ పెడళ్ళ జోలికి పోకు," అన్నందుకు ఆవిడ పక్క సీట్లో మోకాళ్ళు వెనక్కి ముడుచుకుని కూర్చుంది. వెనక సీట్లో అత్తగారు, ఆవిడ కాళ్ళ దగ్గర ప్రెషర్ కుక్కరు. ఆ పక్కన డేరా, డేరా వెనకాల ఎక్కడో కూతురు.

"కొండ మీదికి కుక్కరెందుకు నానమ్మా?"

"ఏం, కొండ మీద ఆకలెయ్యదా?"

ఎర్ర 'ఎల్' చూసి లారీలు కూడా మర్యాదగా దూరం జరిగాయి. ఒక మలుపులో బస్సు డ్రైవరొకడు కిటికీలోంచి తల బయటపెట్టి, "నేర్చుకోడానికి కొండే దొరికిందా పెద్దాయనా? ముందు మైదానంలో నేర్చుకుని రా!" అని అరిచి పోయాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, పబ్లిసిటీ బాగానే వస్తోంది," అంది డేరా వెనకాల నుంచి గొంతు.

వాగు పక్కన చదునైన చోటొకటి ఉంది, క్యాంపులకి వచ్చేవాళ్ళంతా దిగేది అక్కడే. డేరా వెయ్యడమంటే బండి పార్కింగు చెయ్యడం లాంటిదేననీ, ముందు యాంగిల్ చూసుకోవాలనీ మాస్టారు చెప్పారు. ఆయన యాంగిల్ చూస్తుండగానే అది రెండుసార్లు కూలింది. ఆయన కట్టెలు తేవడానికి వెళ్ళినప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ నిలబెట్టేశారు.

"ఇంట్లో గదులూ తలుపులూ పెట్టుకుని ఇక్కడ గుడ్డ కింద దూరడమేమిట్రా?" అన్నారు అత్తగారు.

"ప్రకృతి కోసం అమ్మా!"

"మీ ప్రకృతికి గొళ్ళెం కూడా లేదు."

మర్నాడు పొద్దున్నే కొండ శిఖరానికి కాలినడక. అత్తగారు కుక్కరుకి కాపలా ఉన్నారు. ముందు మాస్టారు, వెనక కూతురు, చివర ఆవిడ. "మనిషికీ మనిషికీ మధ్య గ్యాప్ ఉండాలి. ఓవర్‌టేక్ చెయ్యొద్దు. వంపులో ఆగొద్దు," అని దారి పొడుగునా ఉపదేశం.

"ఎదురుగా గొర్రెలొస్తున్నాయి నాన్నా. వాటికి కూడా చెప్పు, పాపం."

పైకి చేరారు. మంచు విడిపోతూ ఉంది. కింద లోయ, లోయ అంచున తాము ఎక్కి వచ్చిన రోడ్డు, ఎవరో విప్పి పారేసిన నాడాలాగా. అందరూ మంచునీ చెట్లనీ చూస్తుంటే ఆవిడ మాత్రం ఆ రోడ్డునే చూసింది. చూపు ఒక్కో మలుపు దగ్గరా ఆగి దిగుతోంది. ఇక్కడ గేరు తగ్గించాలి, ఇక్కడ హారను కొట్టాలి, ఇక్కడ ఎదుటి బండికి దారివ్వాలి అనుకుంటుండగా, బూటులో కాలి వేళ్ళు వాటంతటవే కదలడం గమనించి సిగ్గుపడింది. ఆశకి అదుపు లేదు!

దిగేటప్పుడు దారి నిండా రాళ్ళు. మాస్టారు మెడ వెనక్కి తిప్పి, "కాలు చూసి పెట్టు! వాలులో తొందరపడితే..." అని భార్యకి చెబుతున్నారు. ఆ వాక్యం పూర్తికాలేదు. ఆయన కుడికాలు రెండు రాళ్ళ సందులోకి పోయి మెలిపడింది.

తల్లీకూతుళ్ళు చెరో రెక్కా పట్టుకుని కిందికి తెచ్చేసరికి పాదం సొరకాయంత అయింది. అత్తగారు తేరిపార చూసి, "కళ్ళు వెనక్కి పెట్టుకుని నడిస్తే కాళ్ళేం చేస్తాయి నాయనా," అన్నారు.

ఫోన్లకి సిగ్నల్ లేదు. పక్కన దిగినవాళ్ళు అప్పటికే డేరాలు ఎత్తేసి వెళ్ళిపోయారు. బండి నడపడానికి ఎవరున్నారని మాస్టారు చుట్టూ చూశారు. ఆయన చూపు తన మీద ఆగగానే కూతురు చేతులు జోడించింది.

"నన్ను చూడకు నాన్నా. రెండుసార్లు టెస్టు పోయింది నాకు. నేర్పిందెవరో నేను చెప్పను."

"దీపం కిందే చీకటంటే ఇదేనే," అన్నారు అత్తగారు.

"ఈ పూట ఆగుదాం. సాయంత్రానికి వాపు తగ్గుతుంది," అన్నారు మాస్టారు.

ఆవిడ ఆ పాదం వంక చూసింది. విరిగిందో బెణికిందో తెలియదు, డాక్టరుకి చూపించక తప్పదు. "తాళం ఇలా ఇవ్వండి," అంది.

"ఘాట్ రోడ్డే అది! మైదానం కాదు!"

"తెలుసు. ఇవ్వండి."

నొప్పి కాలు చాపుకోవాలి కనక మాస్టారికి వెనక సీటే గతి. కాలు కూతురి ఒళ్ళోకి చేరింది, తిండి సామాన్లు అయిపోయి ఖాళీ అయిన డిక్కీలోకి డేరా చేరింది, డిక్కీలో పట్టని కుక్కరు మాస్టారి మంచి కాలి దగ్గర చేరింది. అత్తగారు జీవితంలో మొదటిసారి ముందు సీట్లో దర్జాగా కూర్చున్నారు.

క్యాంపు నుంచి రోడ్డుకి చిన్న ఎత్తు ఎక్కాలి. ఆవిడ ఊపిరి బిగబట్టి గేరు వేసింది. క్లచ్చు వదిలింది. బండి గతుక్కుమంది, వణికింది, ఆగిపోయింది.

"చెప్పానా!" అన్నారు వెనకాల నుంచి మాస్టారు, నొప్పిలోనూ ఆనందంగా.

మళ్ళీ వేసింది. మళ్ళీ అవే ఎక్కిళ్ళు. సోమవారం దాకా అక్కర్లేదు, జవాబు ఇక్కడే దొరికిపోయింది అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైనా అనండర్రా, మా అబ్బాయికి నేనంటే ప్రాణం. కాళ్ళు ఆనించుకోడానికి పీట కూడా పెట్టించాడు," అన్నారు అత్తగారు.

ఆవిడ తల తిప్పింది. అత్తగారి పాదం రెండో బ్రేకు మీద సుఖంగా ఆని ఉంది.

"అత్తయ్యా, ఒక్కసారి కాళ్ళు పైకి పెట్టుకోండి."

"ఎందుకూ, బాగానే ఉందిగా?"

"ఒక్కసారి."

అత్తగారు సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఆవిడ గేరు వేసి క్లచ్చు వదిలింది. బండి మారుమాటాడకుండా ఆ ఎత్తెక్కి రోడ్డు పక్కకి వచ్చి నిలబడింది.

ఆ రోడ్డు పక్కన నాలుగు బండ్లు పట్టేంత ఖాళీ చోటుంది. ఆవిడ అక్కడే నెమ్మదిగా ముందుకి కదిలించి, "ఇప్పుడు పీట మీద కాలు పెట్టండి అత్తయ్యా," అంది. గతుక్కు. "తియ్యండి." హాయిగా సాగింది. "పెట్టండి." గతుక్కు. ఆ గతుకు ఆవిడకి కొత్తది కాదు. ఎన్నో ఆదివారాల నుంచి తెలిసినదే, కన్నబిడ్డ దగ్గులాగా గుర్తుపట్టింది.

"ఇదేం ఆటే కొండ మీద?" అన్నారు అత్తగారు.

"ఆట అయిపోయింది. ఇక ఇంటికెళ్ళేదాకా కాళ్ళు కిందికి దించకండి."

బండి దిగడం మొదలెట్టింది. మలుపుకి ముందు గేరు తగ్గించింది, హారను కొట్టింది, ఎదురొచ్చిన బస్సుకి దారిచ్చింది. ఇంజనుకి ఒక్కసారి కూడా ఎక్కిళ్ళు రాలేదు. వెనకాల నుంచి "బ్రేక్! బ్రేక్!" అని ఒకటే గోల, దాంతోపాటు టంగుమని చప్పుడు.

"నాన్నా, నువ్వు తొక్కుతున్నది కుక్కరు!"

"నేనెక్కడ తొక్కాను? నా కాలు కదిపితే ఒట్టు!"

ఆవిడ అద్దంలోకి చూసింది. తర్వాతి మలుపు ఇంకా అంత దూరంలో ఉండగానే టంగుమంది. ఆయన ముఖంలో దొంగతనం లేదు. చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడిలాగా కూర్చున్నారు. ఆయన కాలు ఏం చేస్తోందో ఆయనకే తెలియదు. అబద్ధం చెప్పలేదు పాపం, ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకి ముందు మండుకొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ రెండూ దిగమింగి మలుపు తిప్పింది.

కొండ కిందున్న ఊళ్ళో డాక్టరు బెణుకేనని తేల్చి కట్టు కట్టాడు. ఎదురుగా టీ కొట్టు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నొప్పి తగ్గేసరికి మాస్టారికి ఉత్సాహం వచ్చింది.

"చూశారా శిక్షణంటే! ఎన్నాళ్ళు నేర్పాను! ఎక్కడ ఎలా పనికొచ్చిందో చూడండి."

"నిజమేరా, నువ్వు వెనకాల కూర్చుంటే ఎంత బాగా నడిపిందో," అన్నారు అత్తగారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, తను చూసింది చెప్పారు.

మాస్టారు ఉదారంగా చెయ్యి ఊపారు. "ఇక నీకు భయం లేదు. మన స్కూల్లో ఆడవాళ్ళకి నువ్వే నేర్పు, నాకేం అభ్యంతరం లేదు. నేను వెనక సీట్లో కూర్చుని చూస్తుంటాను. ఏమంటావ్?"

కూతురు టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

అప్పుడే సిగ్నలొచ్చి అందరి ఫోన్లూ ఒక్కసారి కూశాయి. ఆవిడ తన ఫోన్ తీసుకుని లేచి, కొట్టు చివరికి వెళ్ళి, అటు తిరిగి రెండు ముక్కలు మాట్లాడి వచ్చింది. కూర్చుంది. టీ చల్లారిపోయిందేమోనని గ్లాసు తాకి చూసింది.

"ఎవరికే ఫోను?" అన్నారు మాస్టారు.

"ఎదుటి స్కూలావిడకి. వాళ్ళ దగ్గర ఆడవాళ్ళకి నేర్పమని అడిగింది. సోమవారం నుంచి వస్తానని చెప్పాను," అంది ఆవిడ, ఎవరినీ నొప్పించని గొంతుతో, ముగ్గురి ముఖాలూ వరసగా చూస్తూ.