ఖాదర్ షెడ్డులో రీమర్

జమ్మలమడుగు బండల ఫ్యాక్టరీ నుంచి బండి మీద వచ్చినప్పుడల్లా ఆదినారాయణ షెడ్డు బయటే నిలబడి ముందు ఒకటే అడుగుతాడు. "అక్క ఉందాప్పా?"

ఆ మాట వింటే ఖాదర్‌కు ఒళ్లు మండుతుంది. షెడ్డు తనది. ప్రొద్దుటూరులో ఇంటి వెనక రేకులు వేసి, లేతు బిగించి, పేరు తెచ్చుకున్నది తను. బండలు పాలిష్ చేసే మిషన్లకు ఇనుప ప్లేట్లు కోసిచ్చేది తను. అయినా ఆదినారాయణకు కావలసింది తన భార్య మసరత్.

ప్లేట్ల బెజ్జాలు పిన్నుకు సరిపడా గీరే పని ఆమెకు నేర్పింది కూడా తనే. వేముల దగ్గర బండి జారి తన మణికట్టు బెణికినప్పుడు, పని ఆగిపోతుందని ఆమెను పక్కన నిలబెట్టుకుని చూపించాడు. డ్రిల్లుతో బెజ్జం కాస్త చిన్నదిగా తీయాలి. తర్వాత రీమర్, అంటే నిలువునా పళ్లున్న ఉక్కు కడ్డీ, అందులోకి దించి, నూనె పోస్తూ, చేత్తో నిదానంగా తిప్పుతూ వెంట్రుకవాసి గీరాలి. లోపలికి దించేటప్పుడైనా, బయటికి తీసేటప్పుడైనా ముందుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే ఇనుప పొట్టు రీమర్ పళ్ల సందున ఇరుక్కుని బెజ్జాన్ని గీకేస్తుంది. పిన్నును బొటనవేలితో నొక్కితే లోపలికి జారాలి. జారినాక కదలకూడదు.

చెయ్యి నయమైంది గానీ రీమర్ మాత్రం మసరత్ దగ్గరే ఉండిపోయింది. పులివెందుల మోటారు మెకానిక్కులు సైతం "అక్క చేత్తోనే తిప్పించు మామా" అని మరీ చెప్పిపోతున్నారు. అంతకంటే ఖాదర్‌ను కాల్చేది ఇంకొకటుంది. రీమర్ తిప్పేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంటుంది. పలకరిస్తే పలకదు. పెదవుల మీద సన్నటి నవ్వు. తనతో మాట్లాడేటప్పుడు ఎన్నడూ రాని ఆ నవ్వు ఇనుము ముక్క దగ్గర ఎందుకొస్తుందో అతనికి అంతుపట్టదు.

ఆ రోజు ఆదినారాయణ వచ్చేసరికి మసరత్ వంటింట్లో ఉంది. ఆమె ముందురోజు పూర్తిచేసిన ప్లేట్లను ఖాదర్ బల్లమీద పరిచాడు.

"ఈసారి అన్నీ నేనే చేసినా. చూసుకో."

ఆదినారాయణ పిన్ను పెట్టి నొక్కాడు. మెత్తగా దిగింది. అటూ ఇటూ ఊపినా కదల్లేదు.

"అబ్బ! శానా బాగొచ్చిందప్పా. అక్కనే మించిపోయినావే!"

ఇన్ని నెలలుగా ఎదురుచూసిన మెప్పు చెవిన పడింది. పడగానే చేదెక్కింది. ఆ మెచ్చుకోలు కూడా ఆమెకే చెందింది మరి.

"ఇంకొక ప్లేటుండాది. సాయంత్రానికే బిగించాల. నా ముందరే చేసియ్యి, చూసి పోతా," అంటూ ఆదినారాయణ సంచిలోంచి ఇనుప ముక్క తీశాడు.

మసరత్ టీ గ్లాసులతో వచ్చింది అప్పుడే. "ఇవన్నీ ఖాదరప్పనే చేసినాడంట గదక్కా!" అన్నాడు ఆదినారాయణ. ఆమె ప్లేట్ల వంక చూసింది, మొగుడి వంక చూసింది. టీ పెట్టి తలుపు దగ్గరే నిలబడింది.

ఖాదర్ గబగబా రెండు బెజ్జాలు డ్రిల్లు చేశాడు. మొదటి దాంట్లో రీమర్ దించి తిప్పాడు. లేతు వేగానికి అలవాటైన చెయ్యి, నూనె సరిగ్గా పొయ్యకుండానే బలం పెట్టింది. సగం దిగి రీమర్ కరుచుకుంది.

"ఏందప్పా, పట్టుకునిందా?"

"ఏం లే. టీ తాగు నువ్వు."

వెనక్కి ఒక్క తిప్పు తిప్పితే ఊడొస్తుంది. బెజ్జం పాడైతే ఇనుమే మంచిది కాదని చెప్పొచ్చు. మణికట్టు వెనక్కి తిరగబోయింది. మసరత్ తిట్టి ఉంటే పంతానికైనా తిప్పేసేవాడే. ఆమె మాత్రం ఊపిరి బిగబట్టుకుని రీమర్ వైపే చూస్తోంది. బెజ్జం ఏమైపోతుందోనన్న భయం తప్ప ఆ ముఖంలో మరేమీ లేదు.

"మసరత్, ఒకసారి ఈడికి రా," అన్నాడు.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి నూనె పోసింది. రీమర్ పిడిని లాక్కోలేదు, అతని చేతుల మీదే తన చేతులు వేసింది.

"వదలొద్దండి. కొంచెం పైకి లాగుతూ ముందుకే తిప్పండి. ఇనుము చెప్తుంది, వినండి."

కిర్రుమన్న చప్పుడు కాసేపటికి తగ్గింది. ఎక్కడో లోపల ఇనుము ఒప్పుకున్నట్టు మెత్తబడింది. పిడిలోంచి వేళ్లలోకి, వేళ్లలోంచి మోచేతి దాకా ఏదో నున్నగా పాకింది. ఖాదర్‌కు తెలియకుండానే కళ్లు మూతలు పడ్డాయి.

పట్టు వదిలిన రీమర్ అడుగుదాకా దిగి బయటికి వచ్చింది. ఆదినారాయణ పిన్ను పెట్టి నొక్కాడు. దిగింది, కదల్లేదు.

"అయితే ఇందాకటివి ఎవురు చేసినట్టప్పా?"

"ఆమెనే," అన్నాడు ఖాదర్, తల వంచుకుని.

"నాకు అప్పుడే అనుమానమొచ్చిందిలే. నీ చేతిపని ఇంత నున్నగా యాడుంటాది!" అని ఆదినారాయణ పగలబడి నవ్వాడు.

ఖాదర్‌కు ఆ నవ్వు తగల్లేదు. అతన్ని వేరే మంట పట్టుకుంది. పేరు పోతే పోయింది, ఇంత సుఖాన్ని ఈమె ఇన్ని నెలలుగా తన కళ్లెదుటే ఒక్కతే అనుభవించిందా! మసరత్ రీమర్‌ను గుడ్డతో తుడిచి రెండో బెజ్జం వైపు వంగబోయింది. అతను పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"అది నాది. నువ్వు నూనె పొయ్యి."

"మీదే. వెనక్కి తిప్పినారంటే మాత్రం లాక్కుంటా."