మూడో అంతస్తు దాటాక

ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసే తోటి రైడర్లు ఆమెను తూనీగ అంటారు. ట్రాఫిక్‌లో ఆమె స్కూటరు దూరే సందులు చూస్తే మీరూ ఆ మాటే అంటారు. ఇద్దరు పిల్లల తల్లి. మిట్టమధ్యాహ్నం ఎండకు నెత్తి మాడిపోతున్నా, ఎవరి గుమ్మంలోనైనా నవ్వు మొహంతోనే నిలబడుతుంది. మనలో ఎందరికుంది ఆ ఓపిక?

అలాగని తప్పులు చేయని మనిషేం కాదు. టైము దాటిపోతుందన్న భయంతో రైడర్లందరూ లిఫ్టు ఎక్కగానే ఫోనులో 'ఇచ్చేశాను' అనే బటన్ నొక్కేస్తారు. ఈమె కూడా అంతే. తలుపు దాకా వెళ్లేలోపు కొంపలేం మునుగుతాయిలే అని ధీమా.

ఆ రోజు మునిగింది. బటన్ నొక్కింది, మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఆగిపోయింది. అప్పటికే ఆమె మీద రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది వస్తే ఐడీ మూసేస్తారు, అంటే పని పోయినట్టే.

ఫోను మోగింది. నాలుగో అంతస్తు టీచరమ్మ.

"ఇచ్చేశారని వచ్చిందే! భోజనం ఏదమ్మా?"

వాచ్‌మన్‌కిచ్చానని బొంకొచ్చు. తూనీగకు నోరు రాలేదు.

"తప్పు నాదే మేడం. ఇవ్వకుండానే నొక్కేశాను. లిఫ్టులో ఇరుక్కుపోయాను."

"అయ్యో, కంప్లయింట్ పెట్టేశానే!"

ఆ మాట పూర్తికాకముందే ఐడీ ఆగిపోయింది. తూనీగ గోడకు జారగిలబడి భోరుమంది.

టీచరమ్మ గబగబా లిఫ్టు జాలీ తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లు తుడుచుకుని లేచింది. మునివేళ్ల మీద నిలబడి, చుక్క ఒలకకుండా పొట్లాన్ని పై సందులోంచి అందించింది.

"నీ పనే పోయింది కదమ్మా, ఇంకా ఎందుకీ అవస్థ?"

"ఆకలి మీది కదండీ. చల్లారకముందే తినేయండి."

టీచరమ్మ తినలేదు. మెకానిక్‌ని పిలిపించి, మెట్ల మీదే కూలబడి కంపెనీకి ఫోను చేసింది. భోజనం అందిందని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి, ఎవరు కాళ్లావేళ్లా పడ్డా అర మార్కు కలపని మనిషి ఆవిడ.

"ఒక్కటి చెప్పండి మేడం, ఐడీ తెరిచేస్తాం," అంది స్పీకరులో గొంతు. "బటన్ నొక్కకముందే భోజనం మీ చేతికిచ్చిందా?"

లిఫ్టులో తూనీగ తలెత్తి జాలీలోంచి టీచరమ్మ వైపు చూసింది.

"ఇచ్చింది," అంది టీచరమ్మ తడుముకోకుండా. "మతిమరుపు నాది. దానికి ఆ పిల్లని శిక్షిస్తారా?"