తాళాలాయన భోజనం

తాళంచెవిని బిగించి ఆకురాయితో రుద్దుతున్నాడు తాళాలాయన. కొంచెం రుద్దుతాడు, ఉఫ్ అని ఊదుతాడు, ఒక కన్ను మూసి వెలుగుకు ఎత్తి చూస్తాడు, మళ్లీ రుద్దుతాడు. ఇత్తడి పొడి అతని కనుబొమల్లో, చొక్కా ముడతల్లో, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉంటుంది. ఎండ పడితే మనిషి మెరుస్తాడు.

"బంగారం రాలుతోంది బాబాయ్, ఎవరైనా ఎత్తుకుపోగలరు" అంది పక్కనే కూర్చుని చెప్పులు కుట్టే ఆమె.

"ఎత్తుకెళ్లి ఏం చేసుకుంటారమ్మా? మీ పిన్నే నన్ను వదిలించుకోలేక చస్తోంది."

ఆ గోడ కింద ఈ మాటలు రోజూ ఉండేవే. రోజూ నవ్వుతారు.

దుకాణమంటే గోడకు ఆనించిన చెక్కపెట్టె, పైన ఒక గొడుగు, కింద ఒక పీట. తండ్రి పని. ఆ తండ్రి పనితోపాటు రెండు ముక్కలు కూడా నేర్పి పోయాడు: తాళం పగలగొట్టేవాడు పనివాడు కాదు, తాళం తీశాక తలుపు తోసేవాడు అసలు మనిషే కాదు. అందుకే ఎవరింటికి పిలిచినా, లోపలి పట్టు వదిలిందని వేళ్లకు తెలియగానే తాళాలాయన గుమ్మానికి వీపు తిప్పి నిలబడతాడు. లోపల పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా సరే, తల్లే తలుపు తోసుకుని వెళ్లాలి. ఊళ్లో సగం ఇళ్ల తాళాలు తెలిసిన మనిషికి ఏ ఇంటి గోడలు ఏ రంగో తెలియదు.

కుడి దవడ పన్ను వారం నుంచి సలుపుతోంది. దవడ కింద అరచెయ్యి పెట్టుకుని, ఒంటిచేత్తో పని కానిస్తుండగా కానిస్టేబుల్ వచ్చాడు. మొన్ననే అతని సైకిల్ తాళం తీసిపెట్టాడు తాళాలాయన.

"బాబాయ్, ఇన్‌స్పెక్టర్ గారు పిలుస్తున్నారు. ఏదో తాళం చూసి చెప్పాలంట."

"కాస్త సామాను చూస్తుండమ్మా, ఇప్పుడే వస్తా" అని చెప్పుల ఆమెతో చెప్పి, కళ్లద్దాలు తుడుచుకుని లేచాడు. నడకలో కొంచెం దర్జా కూడా ఉందని ఆమె తర్వాత అందరికీ చెప్పి ఏడ్చింది.

పెద్ద వ్యాపారి ఇంట్లో రాత్రి దొంగలు పడ్డారు. ఆ ఇంటి తాళం ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉంది. తాళాలాయన దాన్ని చేతిలోకి తీసుకుని, కన్నం చుట్టూ ఉన్న గీతలు చూసి మొహం చిట్లించాడు.

"ఎవడో చేతకాని వెధవ సార్. ఎంత పాడు చేశాడో చూడండి. నేనైతే చిన్న గీత కూడా పడకుండా తీసేవాణ్ణి."

"అలాగా! ఎంతసేపట్లో?"

"చిటికెలో సార్."

"ఇలా ఎన్ని ఇళ్లు తీసుంటావు?"

"లెక్కెక్కడుంది సార్? ఈ ఊళ్లో నేను తియ్యని గుమ్మం లేదు."

మెచ్చుకుంటున్నారనుకున్నాడు పిచ్చిమారాజు. పుట్టి బుద్ధెరిగాక తన పనితనం గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్లు లేరు మరి. వ్యాపారి తెల్లారినప్పటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేయిస్తున్నాడు. దొంగ దొరకని ఇన్‌స్పెక్టర్‌కు, దొంగ అనిపించుకోగల మనిషి తన కాళ్లతో తనే నడిచివచ్చాడు. వెనక గదిలోకి రమ్మన్నారు. ఇంకో తాళం చూపిస్తారనుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చేసరికి పీట ఖాళీగా ఉంది. చెప్పుల ఆమె చెప్పగానే స్టేషన్‌కు వెళ్లింది. గేటు దగ్గర ఆ కానిస్టేబులే ఉన్నాడు.

"లోపల పనిలో ఉన్నాడమ్మా. డబ్బా ఇలా ఇయ్యి, నేనిస్తాలే."

"పన్ను నొప్పి బాబూ ఆయనకి. మెత్తగా వండాను. ఎడంవైపు నమలమని చెప్పు."

అతను తల ఊపాడు కానీ ఆమె మొహం చూడలేదు. ఆమె గోడ నీడలో కూర్చుంది. కాసేపటికి డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, "తిన్నాడు, నువ్వెళ్లు" అన్నాడు. తిన్నాడు కదా అని ఆమె ధైర్యంగా ఇంటికి వెళ్లింది.

పొద్దు వాలుతుండగా కబురొచ్చింది. గుండెనొప్పి అట, ఆసుపత్రికి తీసుకెళ్లారట, పోయాడట.

ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే మనిషి ఆమెను పక్కకు పిలిచాడు. "అక్కా, నేను చెప్పానని చెప్పకు. మధ్యాహ్నం కాకముందే తెచ్చారు. అప్పటికే చల్లబడిపోయాడు. దుప్పటి కాళ్ల దగ్గర ఎత్తి చూడు."

ఎత్తి చూసింది. అరికాళ్లు నల్లగా కమిలి, పగిలేలా వాచి ఉన్నాయి. గుండె అరికాళ్లలో ఉంటుందని ఆ ఇన్‌స్పెక్టర్ ఏ బడిలో చదివాడో!

మార్కెట్ వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. షట్టర్లు వాటంతటవే పడినట్టు పడ్డాయి. ఈ మనిషి తమ గుమ్మానికి వీపు తిప్పి నిలబడగా చూసినవాళ్లు, చూసి మరిచిపోయినవాళ్లు, అందరూ స్టేషన్ ముందుకు వచ్చారు. చెప్పుల ఆమె అందరికన్నా ముందు నిలబడి, చేతిలో సుత్తి ఉన్న సంగతి కూడా మరిచి, గేటు ఊపుతోంది. లాఠీలు వరసగా నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదికి వచ్చాడు.

"మేమూ మనుషులమే. ఆయన్ని ఇంట్లోమనిషిలా చూసుకున్నాం. మధ్యాహ్నం కడుపునిండా భోంచేశాడు కూడా. ఆ తర్వాతే నొప్పి వచ్చింది."

జనాన్ని చీల్చుకుని భార్య ముందుకు వచ్చింది. భుజానికున్న సంచిలోంచి డబ్బా తీసి, అప్పుడు మొదటిసారి తెరిచింది మూత. లోపల అద్దంలా మెరుస్తోంది.

"కడిగుంది" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "పెళ్లయిన దగ్గర్నుంచి మా ఆయన ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు. చచ్చిపోయాక బుద్ధొచ్చిందా ఆయనకి? పోయినాయన లేచొచ్చి, నా అన్నం తిని, డబ్బా తోమి పంపాడా? ఎవరు తిన్నారు?"

"ఎవరు తిన్నారు?" అంది చెప్పుల ఆమె.

ఆ తర్వాత వీధి వీధంతా అదే అడిగింది. మనిషిని చంపినవాళ్లు సంజాయిషీలు సిద్ధం చేసుకుంటారు, చేసుకున్నారు కూడా. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఇన్‌స్పెక్టర్ కళ్లు గేటు లోపల నిలబడ్డ కానిస్టేబుల్ వైపు తిరిగాయి. జనం కళ్లూ తిరిగాయి.

కానిస్టేబుల్ టోపీ తీసేశాడు.

"పారెయ్యమన్నారమ్మా" అన్నాడు. "అప్పటికే ఆయన్ని ఆసుపత్రికి పంపేశారు. పారెయ్యబోయి... అన్నం కదా, చేతులు రాలేదు. నేనే తిన్నాను."

"నోర్ముయ్యరా!" అని ఇన్‌స్పెక్టర్ అరిచేసరికే ఆలస్యమైపోయింది. అందరూ విన్నారు. లాఠీల వరసలో ఒకరిద్దరు తలలు దించుకున్నారు.

ఆమె కానిస్టేబుల్‌ వైపు తిరిగింది.

"ఉప్పు సరిపోయిందా బాబూ?"

అతను గేటు ఊచలు పట్టుకుని కింద కూలబడ్డాడు. ఆమె ఊచల సందులోంచి చెయ్యి పెట్టి డబ్బాను లోపలివైపు నేల మీద ఉంచి, అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక వీధి మొత్తం కూర్చుంది. స్టేషన్‌లో దీపాలు వెలిగాయి. గేటుకు అటువైపు, ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని చోట, మూత లేని డబ్బా తళతళలాడుతూ ఉండిపోయింది.