కొత్త 31 నంబరు బకెట్టు

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టును. అందరూ అలాగే అంటారు కాబట్టి నేనూ అంటున్నాను గానీ, నా మటుకు నాకు ఆ విషయంలో కొంత అనుమానం ఉంది. హైదరాబాదు శివారులో నన్ను పోత పోసిన ఫ్యాక్టరీలో కొత్త సరుకు వాడరు. విరిగిన మగ్గులు, పగిలిన డబ్బాలు, కాలు పోయిన కుర్చీలు అన్నీ కలిపి కరిగించి అచ్చులో పోస్తారు. నాలో సగానికి పైగా ఏదో ఫంక్షన్ హాలు కుర్చీ ఉందని నా గట్టి నమ్మకం. ఎందుకంటే నాలో నీళ్లు పట్టినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించదు. అలిసిపోయిన మనిషి కనబడితే మాత్రం, వచ్చి కాసేపు నా మీద కూర్చోరాదా అనిపిస్తుంది. బకెట్టుకి ఉండాల్సిన బుద్ధి కాదది.

ఈ అయోమయంతోనే ఒక విశ్వవిద్యాలయం గేటు ఎదుట దుకాణంలో, నాలాంటి మరో పది బకెట్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. అడ్మిషన్ల వారంలో ప్రవళిక అనే అమ్మాయి, ఆమె మేనమామ మల్లేశం వచ్చి నన్ను కొన్నారు. వాళ్లది సిద్దిపేట పక్కన పల్లె. మల్లేశం బస్సు కండక్టరు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ సీటు కోసం ఆ అమ్మాయి రెండేళ్లు వరసగా పరీక్ష రాసి, రెండోసారి సంపాదించింది. తల్లిని వదిలి ఒక్క రాత్రి కూడా ఎక్కడా ఉండని పిల్ల. ఇవన్నీ దుకాణదారుకి మల్లేశమే చెప్పాడు. దుకాణదారు అడగలేదు.

హాస్టల్ ఆఫీసు ముందు క్యూ చాలా పెద్దగా ఉంది. "నిలబడి ఏం జేస్తవ్ బిడ్డా, దాన్ని బోర్లేసి కూసో" అన్నాడు మల్లేశం. ఆమె నన్ను బోర్లించి కూర్చుంది. పుట్టాక నాకు ప్రపంచం కాస్త అర్థమైన మొదటి పావుగంట అది.

తరువాత దరఖాస్తు కాగితం చేతికిచ్చారు. నాకు అర్థమైందంతా మళ్లీ పోయింది. గది ఎంచుకోవాలట. పాత బ్లాకులో గదికి నలుగురు, స్నానాల గదులు వరండా చివర అందరికీ కలిపి. కొత్త బ్లాకులో గదికి ఒక్కరే, స్నానాల గది లోపలే.

"ఒక్కదాన్నే ఉంటే నాకెవ్వరు పరిచయమైతరు మామా?" అంది ప్రవళిక.

"క్లాసుల అయితరు, మెస్సుల అయితరు. ముప్పై ఏండ్ల సంది బస్సుల చూస్తున్న కదా. సింగిల్ సీటు దొరికినోడు దిగేదాక సల్లగ నిద్రపోతడు. ముగ్గురు కూసునే సీటు కాడ ఎప్పటికీ లొల్లే. ఇగ కిటికీలకెల్లి తువ్వాల ఏసి సీటాపుకునేటోళ్లతోని రోజూ నాకు కొట్లాటనే. ఎన్ని తువ్వాలలు తీసి పారేసిన్నో నాకే యాదిలేదు."

మామ చెప్పింది సబబుగానే ఉంది. పిల్ల చెప్పిందీ సబబుగానే ఉంది. రెండూ ఒకేసారి సబబుగా ఎలా ఉన్నాయో నాకు తెలియలేదు. ఆమె లేచి, కాగితాన్ని బోర్లించిన నా అడుగు మీద పెట్టుకుని రాసింది కాబట్టి, రాసిందీ కొట్టేసిందీ అంతా నాకు తగిలింది. పాత బ్లాకుకి టిక్కు పెట్టి కొట్టేసింది. కొత్త బ్లాకుకి పెట్టి అదీ కొట్టేసి, మళ్లీ పెట్టింది. 'కారణం' అన్నచోట 'మనుషులు' అని మొదలుపెట్టి, ఆఫీసువాళ్లు నవ్వుతారనుకుందో ఏమో, అది గీతలతో నింపేసి 'చదువు కొరకు' అని రాసింది.

వెళ్లేటప్పుడు మల్లేశం ఒక మాట చెప్పాడు. "దసర దాక ఉండి సూడు బిడ్డా. మనసు కుదిరిందా సరే. కుదరలేదా, సీటు ఇడిసిపెట్టి రా. మన దగ్గర కాలేజి లేదా ఏంది? ఎవ్వరు నిన్నో మాట అనరు." ఆమె తల ఊపింది. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న సీటు రెండు నెలల్లో తేలిపోవాలి.

బకెట్ల మీద గది నంబరు రాసుకోవాలని వార్డెన్ మేడమ్ నియమం. అమ్మాయిలందరూ గోళ్ల రంగుతో రాస్తారు. ప్రవళిక దగ్గర గోళ్ల రంగు లేదు. పక్కగదిని అడగడానికి తలుపు దాకా వెళ్లి, రెండుసార్లు వెనక్కి వచ్చి, చివరికి బజారుకెళ్లి ఒక సీసా కొనుక్కొచ్చి 'కొత్త 31' అని రాసింది. ఆ సీసా మళ్లీ తెరవగా నేను చూడలేదు.

కొత్త బ్లాకు బాగుంటుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కుళాయి తిప్పితే నీళ్లు, తలుపు వేస్తే నిశ్శబ్దం. ఒకరోజు ఎవరైనా వస్తారేమోనని ఆమె తలుపు బార్లా తెరిచి పెట్టుకుని కూర్చుంది. వరండాలో పోతున్న ఒక అమ్మాయి, పాపం మర్యాదస్తురాలు, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఇది మంచితనమా, కాదా అని నేను చాలాసేపు ఆలోచించాను.

సాయంత్రాలు తల్లికి ఫోన్ చేసి "మంచిగున్నదమ్మా, అందరు మంచోళ్లు" అనేది. ఫోన్ పెట్టేసి లోపలికొచ్చి కుళాయి తిప్పేది. నేను నిండిపోయి పొర్లిపోతున్నా కట్టేది కాదు. స్నానం లేదు, బట్టలు ఉతకడం లేదు. ఈ నీళ్లు ఎందుకో మొదటి వారం నాకు తెలియలేదు. ఏడుపు గోడ అవతలికి వినబడకుండా ఉండటానికని తెలిశాక, నీళ్లు పట్టడం తప్ప ఏమీ చేతకాని నా పుట్టుక మీద నాకే కోపం వచ్చింది.

మూడో వారంలో ముప్పై రెండో గది అమ్మాయి ఇంటికి వెళ్లిపోయింది. ఆటోలో పెట్టె, పరుపు, వాటి మీద ఆమె ఎర్ర బకెట్టు. హాస్టల్లో బకెట్టుని బట్టి ఒక గుర్తు ఉంది. సెలవులకి వెళ్లేవాళ్లు బకెట్టు గదిలో వదిలి వెళ్తారు. బకెట్టు పట్టుకుని వెళ్లేవాళ్లు మళ్లీ రారు. ప్రవళిక కిటికీలోంచి ఆ ఆటో గేటు దాటేదాకా చూసింది. తరువాత వచ్చి నా వంక చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆ మర్నాడే కొత్త బ్లాకు మోటారు కాలిపోయింది. బాగయ్యేదాకా పాత బ్లాకులో స్నానాలు చేయండని నోటీసు పెట్టారు. పొద్దున్నే నన్నూ తువ్వాలనీ పట్టుకుని ప్రవళిక పాత బ్లాకుకి వెళ్లింది. అక్కడ స్నానాల గదుల ముందు పాతిక బకెట్లు వరసగా ఉన్నాయి. మనుషులు లేరు. ఆమె నన్ను చివర పెట్టి, నా పక్కనే తాను కూడా నిలబడింది. అరగంట అలాగే నిలబడింది. ఎవరో ఒకరు రావడం, తన బకెట్టు తీసుకుని లోపలికి పోవడం, పోతూ పోతూ తక్కినవాటిని కాలితో ముందుకు నెట్టడం జరుగుతోంది. పాతిక బకెట్ల వరసలో నిలబడ్డ మనిషి ఆమె ఒక్కతే. దారిన పోయేవాళ్లు చూసి నవ్వుకుంటున్నారు. ఎందుకో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

చివరికి ఒక గదిలోంచి జుట్టు ముడేసుకుంటూ ఒకమ్మాయి వచ్చింది. పేరు పైడిరత్నం, విజయనగరం వైపు పిల్ల, రెండో ఏడాది చదువుతోంది.

"ఏటమ్మా, అలా నిలబడిపోనావు? కాళ్లు నొప్పెట్టట్లేదా?"

"లైన్ల ఉన్న అక్కా."

"లైనులో నీ బకెట్టుంది కదేటి! బకెట్టు నిలబడితే మనిషి నిలబడినట్టే ఇక్కడ. మళ్లీ నువ్వెందుకూ? రా, టీ తాగుదువు గాని."

ఆమె వెళ్లింది. నేను నిలబడ్డాను. నా ముందొక ఆకుపచ్చ బకెట్టు, వెనకొక చెవి తెగిన స్టీలు బకెట్టు. లోపలి గదిలోంచి నలుగురి మాటలు, గ్లాసుల చప్పుడు, మధ్యలో ఎప్పుడూ వినని ఒక నవ్వు. అది ప్రవళికదని పోల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ రోజు నా వంతు వచ్చి, దాటిపోయి, మళ్లీ వచ్చింది. క్లాసుకి ఆలస్యమైంది.

నాలుగో రోజు మోటారు బాగైంది. ఇక ఆమెకి పాత బ్లాకుతో పని లేదు. ఆ రోజు నన్ను అక్కడే మరిచిపోయి వెళ్లింది. సాయంత్రం రత్నం నా మీద నంబరు చూసి, వెతుక్కుంటూ కొత్త 31కి తెచ్చి ఇచ్చింది. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. రత్నం నన్ను బోర్లించి కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పింది. మర్నాడు పొద్దున, సొంత కుళాయిలో నీళ్లు ధారగా వస్తుండగా, ప్రవళిక నన్ను తీసుకుని పాత బ్లాకుకి వెళ్లి వరసలో పెట్టింది. మళ్లీ మరిచిపోయింది, సాయంత్రం మళ్లీ రత్నమే తెచ్చి ఇచ్చింది. ఒకసారి మరిచిపోతే మతిమరుపు అంటారు. రోజూ మరిచిపోతే ఏమంటారో నాకు తెలియదు.

ఇదంతా చూసి, పిల్లకి పాత బ్లాకే నప్పుతుందని తేల్చేసుకున్నాను. ఇంతలో ఒకరోజు రత్నం నా మీద కూర్చుని నిట్టూర్చింది. "నాకైతే నీ గదే కావాలమ్మా. తలుపేసుకుని ఒక్క గంట ఒక్కదాన్నే కూకుని ఏడాదైపోనాది. మా గదిలో ఒకర్తి పాడతాది, ఒకర్తి తగువులాడతాది, ఒకర్తి నా నూనె రాసుకుంటాది." అప్పటినుంచి మధ్యాహ్నాలు రత్నం తలుపేసుకుని కొత్త 31లో చదువుకునేది. ప్రవళిక పాత బ్లాకులో తగువులు వింటూ కూర్చునేది. ఒక పాతిక మందిని పేరుపెట్టి పిలిచేది. అయినా కొన్ని సాయంత్రాలు కుళాయి తిరిగేది. ఆమెకి మనసు కుదిరిందో లేదో నాకు మాత్రం అంతుపట్టలేదు.

దసరా వచ్చింది. తమ ఊరి అమ్మవారి సిరిమాను పండగ దాకా ఉండి వస్తానని రత్నం ముందురోజే వెళ్లిపోయింది. మల్లేశం వార్డెన్ మేడమ్ అనుమతి తీసుకుని, పెద్ద సంచితో గదిలో దిగాడు.

"ఏమనుకున్నవ్ బిడ్డా?"

"నాకు తెల్వదు మామా" అంది ప్రవళిక. నిజమే చెప్పింది.

మల్లేశం ఆ మాటని ఇంకో రకంగా అర్థం చేసుకున్నాడు. వెంటనే సర్దడం మొదలుపెట్టాడు. పుస్తకాలు, దుప్పటి, గోడ మీది క్యాలెండరు కూడా తీశాడు. చెప్పులు రెండు జతలు నాలో పడేసి, "ఇంట్ల పనికొస్తది" అని నన్ను చేత్తో పట్టుకున్నాడు. ప్రవళిక దుప్పటి పట్టుకుని వెనకే వచ్చింది. వరండా దాటాం, మెట్లు దిగాం. గేటు ముందు ఆటో ఆగి ఉంది. ముప్పై రెండో గది ఎర్ర బకెట్టు గుర్తొచ్చింది. నాకు చాలా దిగులేసింది. అక్కడి వరస మీద నాకింత మమకారం ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆటోలో సామాను పెట్టేశాడు. నన్ను పైకెత్తబోతుంటే ప్రవళిక, "ఒక్క నిమిషం ఆగు మామా" అని చెప్పులు సంచిలో కుమ్మరించి, నన్ను లాక్కుని పాత బ్లాకు వైపు పరిగెత్తింది. మల్లేశం రొప్పుతూ వెనకే వచ్చాడు. వరండా ఖాళీగా ఉంది. ఆడపిల్లలందరూ ఊళ్లకి పోయారు, ఒక్క బకెట్టు లేదు. ఆమె నన్ను మొదటి స్నానాల గది తలుపు ముందు, వరస మొదట్లో పెట్టింది. నంబరు కనబడేట్టు తిప్పింది.

"నీళ్లు లేవు, మనుషులు లేరు. గిప్పుడెవరి కోసం పెడుతున్నవే?"

"లైన్ల పెట్టిన మామా. ఈడ బకెట్టు నిలబడితే మనిషి నిలబడ్డట్టే. పది రోజులైనంక నా వంతు."

మల్లేశం కాసేపు నన్ను చూశాడు, మేనకోడల్ని చూశాడు. "అంటే… సీటుకు తువ్వాల ఏసినట్టా?"

ఆమె తల ఊపింది.

"తువ్వాల ఏస్తే నేనొప్పుకోనని తెల్సు గదా నీకు?" అన్నాడు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తరువాత కొంచెం వంకరగా ఉన్న నన్ను కాలితో మెల్లగా నెట్టి, తలుపుకి ఎదురుగా సరిగ్గా నిలబెట్టాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. పది రోజులు నేను ఒక్కదాన్నే వరసలో ఉన్నాను. అంత ధీమాగా ఎప్పుడూ నిలబడలేదు.

ప్రవళిక వచ్చింది. రెండేళ్లూ అదే కొత్త 31లో ఉంది. నేను రెండేళ్లూ పాత బ్లాకులో ఉన్నాను. చదువు పూర్తయి వెళ్లిన రోజు నన్ను తీసుకెళ్లలేదు. హాస్టల్ గుర్తు ప్రకారం ఆమె మళ్లీ రావాలి. ఇన్నేళ్లయినా రాలేదు. ఆ గుర్తు తప్పో, నేను సరిగ్గా అర్థం చేసుకోలేదో.

ఇప్పుడు నా పిడి ఊడిపోయింది, అడుగున సన్నటి చీలిక. నీళ్లు నిలవవు. పారేయడానికి ఎవరికీ చేతులు రాక, స్నానాల గదుల పక్కన గోడవారగా బోర్లించి ఉంచారు. 'కొత్త 31' తలకిందులైంది. ఈ ఏడు కూడా ఎవరో కొత్త పిల్ల వచ్చింది. వరసలో బకెట్టు పెట్టి, తువ్వాల గుండెలకి హత్తుకుని, దాని పక్కనే నిలబడింది. గదిలోంచి ఒకమ్మాయి తొంగి చూసి, బయటికొచ్చి నన్ను కాలితో ఆమె వైపు నెట్టింది.

"నిలబడ్డావేం? కూర్చో. టీ తెస్తా."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, నా మీద కూర్చుంది.