నూట యాభై ఫ్యూజు

మధ్యాహ్నం రెండు గంటల వేళ, వానలో, గ్యారేజీల వీధిలోకి ‘తుఫానీ’ని తోసుకుంటూ వచ్చారు. ముప్పై మూడు సీట్ల మతాటు, అంటే ప్రైవేటు సిటీ బస్సు అది. డ్రైవరు ఒమోలో స్టీరింగు పట్టుకున్నాడు. వెనకనుంచి కండక్టరు నఫూలా, దారిన పోయేవాళ్ళు నలుగురు భుజాలు ఆనించి నెడుతున్నారు. బస్సు నిండా రంగురంగుల బొమ్మలు, అద్దాల చుట్టూ దీపాలు. ఒక్కటీ వెలగడం లేదు.

కస్యోకా అప్పటికి పొద్దుటినుంచి నాలుగో బండి కింద ఉంది. వీపు కింద అట్టముక్క నానిపోయి బురదయింది. నైరోబీలోని ఆ వీధిలో బళ్ళ కరెంటు పని చేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. వచ్చిన కొత్తలో మగ మెకానిక్కులు నవ్వారు. తొమ్మిదేళ్ళయ్యాక వాళ్ళే తమకి అంతుచిక్కని బళ్ళని ఆమె దగ్గరికి పంపుతున్నారు.

“మళ్ళీ ఏమైందే?” అంది బయటికి పాకి వస్తూ.

“ఏమవుద్దక్కా! పాట పెడితే లైట్లు చస్తాయి, లైట్లేస్తే పాట చస్తది. ఇయ్యాల వైపరు కూడా అద్దం మధ్యలో నిలబడిపోయింది. ఆ ఎనక ఇంజనాగింది. ఛార్జీ తిరిగిమ్మని జనం నా జాకెట్టు పట్టుకు లాగారు. చూడు, గుండీ పోయింది.” నఫూలా నవ్వుతూనే చెప్పింది. ఆమెకి ఇరవై ఆరేళ్ళు. గొంతు మాత్రం పది మంది పెట్టు.

“వాన పడుతున్నప్పుడైనా పాట ఆపొచ్చుగా అన్నా?”

ఒమోలో పలకలేదు.

“ఎడం పక్కకెళ్ళి చెప్పక్కా. కుడిచెవి పక్కనే పెద్ద స్పీకరుంది. రెండేళ్ళయింది, ఆ చెవి చచ్చిపోయి,” అంది నఫూలా.

కస్యోకా అటు తిరిగి మళ్ళీ అడిగింది. ఒమోలో తల అడ్డంగా ఊపాడు. “పాట లేని బండి ఎవడెక్కుతాడు చెల్లీ? మా రూటు చివర రోంగైలో కుర్రాళ్ళు మలుపు తిరక్కముందే పాట విని ఏ బండో చెప్పేస్తారు. పొద్దుగూకేసరికి బాసుకి ఎనిమిది వేల షిల్లింగులు చేతిలో పెట్టాల. మిగిలిందే మా ఇద్దరి కూలి. ఆపితే మిగిలేదేంటి?”

కస్యోకా మీటరు తీసింది. పక్క బండినుంచి కరెంటు తెచ్చి ఇంజను లేపింది. పాట లేనప్పుడు మీటరు ఇరవై ఏడు వోల్టులు చూపించింది. నఫూలా పాట పెట్టగానే బస్సు రేకులన్నీ వణికాయి, అంకె ఇరవై రెండుకి పడింది. బస్సుకి రెండు బ్యాటరీలు. పాటల పెట్టె బిగించినవాడెవడో ఒక్కదాన్నుంచే కరెంటు లాగాడు. అది ఎండిపోతోంది, రెండోది ఉడికిపోతోంది. పాత డైనమో ఎంత తిరిగినా ఆ పద్నాలుగు స్పీకర్ల ఆకలి తీర్చలేదు. అన్నిటికంటే చెడ్డది, సీట్ల కింద నేలమీది రబ్బరు చాప అడుగునుంచి వెనకదాకా పోయిన వైరు. అంత కరెంటుకి చాలని సన్న వైరు. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్టు పెట్టెలోని వెండి కాయితం చుట్టి ఉంది.

ఆమె యజమాని గథోగోకి ఫోను చేసింది. అతనికి ఏడు బస్సులు. ఏడింటి పనీ ఆమెదే. వారంలో నాలుగు రోజులు ఆమె పొయ్యి వెలిగేది వాటివల్లే.

“పెద్ద డైనమో కావాలి బాస్. లావు వైరు మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాలి. ఈ వైరుకి అరవై ఆంపియర్ల కంటే పెద్ద ఫ్యూజు వెయ్యకూడదు, వేస్తే ఫ్యూజు పోకముందే వైరు కాలిపోతుంది. అరవై వేస్తేనేమో ఇంత గట్టి పాటకి అది నిలవదు.”

“ఎంతవుద్ది?”

“అన్నీ కలిపి యాభై ఐదు వేలు.”

“నేను అడిగింది సాయంత్రానికి బండి రోడ్డెక్కాలని, కస్యోకా. అరవై నిలబడకపోతే పెద్దది వెయ్యి. అంతేగా? నీ పని నాకు నేర్పించకు. ఆ వీధిలో నువ్వొక్కదానివే లేవు.”

ఆమె చాలాసేపు ఆ వైరు పట్టుకుని కూర్చుంది. వెండి కాయితం పీకి పారేసింది. బ్యాటరీలు సరిచేసింది, వదులైన ఎర్త్ వైరు గీకి బిగించింది. చివరికి డబ్బాలోంచి నూట యాభై ఫ్యూజు తీసి పెట్టింది. కాయితం కంటే నయమే కదా అని తనకి తాను చెప్పుకుంది. ఆ మాట తనకే నమ్మకంగా అనిపించలేదు.

“ఇది వారం రోజులకే. ఈలోపు డైనమో, వైరు మార్పించమను,” అంది నఫూలాతో.

“వారంలో నాకు మొగుణ్ణి కూడా చూస్తానన్నాడక్కా మా బాసు!” నఫూలా కాయితం పొట్లం విప్పి సగం మందాజీ బూరె ఆమె నోట్లో పెట్టింది. కస్యోకా చేతులు నల్లగా ఉన్నాయి మరి.

మూడు వారాలు గడిచాయి. డైనమో రాలేదు, కస్యోకా మళ్ళీ అడగలేదు.

మంగళవారం పొద్దున తుఫానీ నిండుగా ఊళ్ళోకి వస్తోంది. చాప కింద వైరు కాగి, వెనక సీటు స్పాంజి అంటుకుంది. నఫూలా తలుపు దగ్గర ఉంది. ఒక్క దెబ్బ కొడితే ఆగమని, రెండు కొడితే పొమ్మని మతాటు లెక్క. ఆమె రేకు మీద ఒక్క దెబ్బ కొట్టింది. బస్సు ఆగలేదు. క్షణం చూసి ఆమె ఇంకొకటి కొట్టింది. తర్వాత రెండు చేతులతో కొడుతూనే ఉంది. పాట హోరులో ఆ దెబ్బలు ఒమోలోకి వినబడలేదు. ఒక ప్రయాణికుడు ముందుకొచ్చి అతని భుజం పట్టి లాగేసరికి బస్సు మూడొందల గజాలు పోయింది.

జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దిగారు. నఫూలా దిగలేదు. వెనక వరసలో ఒక ముసలామె, ఆమె మనవరాలు మిగిలిపోయారు. పిల్లని కిటికీలోంచి అందించింది. ముసలామెని తలుపుదాకా ఈడ్చుకొచ్చి కిందికి తోసింది. తను దిగి రావడానికి నఫూలాకి ఊపిరి మిగల్లేదు. జనం బయటికి లాగి చేర్పించిన ఆస్పత్రిలో నాలుగో రోజున పోయింది.

కబురు ఒమోలో తెచ్చాడు. దుకాణం ముందు నిలబడి తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

“కొట్టిందంట చెల్లీ. ఎన్నిసార్లో కొట్టిందంట. అందరికీ వినబడిందంట.”

ఫ్యూజు మాట కస్యోకా నోటిదాకా వచ్చింది. స్టూలు లాగి అతని ముందు వేసింది.

నఫూలా ఉండేది ఒంటి గది రేకుల ఇల్లు. పరామర్శకి వెళ్తే వాళ్ళమ్మ కస్యోకా చెయ్యి పట్టుకుంది. చక్కెర జబ్బుతో ఆవిడకి చూపు సరిగా ఆనదు. వేళ్ళమీది కాయల్ని తడిమి, “నువ్వేనా కస్యోకావి?” అంది. “కరెంటు పనిలో నీ చెయ్యి మంచిదని ఎప్పుడూ చెప్పేది. అక్క చూసిన బండికి భయం లేదమ్మా అనేది.”

కస్యోకా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ ఫ్యూజు పెట్టింది ఈ చెయ్యేనని చెప్పనూ లేకపోయింది.

పది రోజుల తర్వాత గథోగో వచ్చాడు. తెల్లటి చొక్కా, చేతిలో టైపు చేసిన కాయితం. స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు.

“బీమా వాళ్ళకి మెకానిక్కు మాట కావాలంట. ఇక్కడ సంతకం పెట్టు.”

ఆమె చదివింది. కండక్టరు ఫోను ఛార్జింగు కోసం యజమానికి తెలియకుండా వైరు లాగిందని, మంట దానివల్లే పుట్టిందని ఉంది.

“నఫూలా ఏ వైరూ లాగలేదు బాస్.”

“లాగిందో లేదో ఇప్పుడెవరు చూడొచ్చారు? పోయినదానికి ఇందులో నష్టమేముంది?”

“వాళ్ళమ్మకి ఏమన్నా వస్తుందా?”

“తప్పు తనదే అయినప్పుడు ఎలా వస్తుంది?” గథోగో గొంతు తగ్గించాడు. “ఆలోచించుకో కస్యోకా. తప్పు దానిది కాకపోతే ఎవరిదవుద్ది? ఆ ఫ్యూజు పెట్టిందెవరు?”

“పెట్టమంది మీరు.”

“నేను ఫోన్లో అన్నాను. పెట్టింది నీ చెయ్యి. మసి కింద ఆ ఫ్యూజు ఇంకా అక్కడే ఉంది. ఈ కాయితం నీకూ గొడుగే.”

పక్క దుకాణంలో ఎవరో రేకు సాగగొడుతున్నారు. కస్యోకా కాయితాన్ని మడత కూడా పడకుండా అతని ఒళ్ళో పెట్టింది.

“నేను పెట్టను.”

తొమ్మిదేళ్ళలో ఆమె అతనితో ఆ మాట అనడం అదే మొదలు. గథోగో కాయితం జేబులో పెట్టుకుని లేచాడు. “రేపట్నుంచి నా బండి ఒక్కటి కూడా ఈ వీధి మొహం చూడదు,” అన్నాడు.

“చూడొద్దు.”

అతను వెళ్ళాక ఆమె సబ్బు పెట్టి మోచేతులదాకా చేతులు కడుక్కుంది. దుకాణం తలుపు దించి తాళం వేసింది. ఇంటికి పోయే బస్సు ఎదురుగానే నిలబడి ఉంది. అది ఎక్కకుండా నడుచుకుంటూ పోలీసు స్టేషనుకి వెళ్ళింది.

బల్లమీద గంటన్నర కూర్చుంది. పోగొట్టుకున్న మేకల గురించి ఒకాయన, కొట్టిన మొగుడి గురించి ఒకావిడ చెప్పుకున్నాక ఆమె వంతు వచ్చింది. రైటరు పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

“పేరు?”

చెప్పింది.

“దేని గురించి?”

“తుఫానీ బస్సు మంట గురించి. నఫూలా గురించి.”

“నువ్వేమవుతావు? సాక్షివా? ఫిర్యాదు ఇవ్వడానికొచ్చావా?”

కస్యోకా ఇంకో అడుగు ముందుకేసింది.

“ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్తానయ్యా. విన్నాక నేనేమవుతానో మీరే రాసుకోండి.”

రైటరు తలెత్తి ఆమెని మొదటిసారి చూశాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.