పది గంటలకు ఎర్రగీత

అరవై ఎనిమిదిలో, విజయనగరంలో, నా ఉద్యోగం ఒక ఎర్రగీత మీద ఆధారపడింది. మా బాలికల బడిలో పది గంటల గంట మోగగానే హాజరుపట్టీలో ఎర్రగీత పడాలి. దాని కింద సంతకం పెడితే ఆలస్యం. తాత్కాలిక టీచర్లకు మూడు ఆలస్యాలైతే ఇంటికే. నావి రెండు అయిపోయాయి.

గంటకు ముందు చివరగా సంతకం చేసినవాళ్లే గీత గీయాలన్నది హెడ్మిస్ట్రెస్ లక్ష్మీనరసమ్మగారి నియమం. "గీతకు చుట్టరికాలుండవు" అనేవారు.

మొదటి ఆలస్యం సూరయ్య జట్కా పుణ్యం. రెండోది రిక్షా పుణ్యం. రిక్షా జట్కా కన్నా ముందే రైలు గేటు చేరి, అక్కడే ఎక్కువసేపు నిలబడింది. ఈసారి బస్సెక్కు, గాలిలా పోతుందన్నాడు అన్నయ్య నరసింగరావు. గాలిలాగే పోయింది, గేటు దాకా!

మనవాళ్లు గేటు ముందు వరుసలో ఆగితే కదా! ఎడమవైపు నిండగానే కుడివైపుకీ బళ్లు తోశారు. అవతలా అంతే. గూడ్సు వెళ్లి గేటు లేచింది. ఇటు బళ్లూ అటు బళ్లూ ముఖాముఖి నిలబడి హారన్లు మోగిస్తున్నాయి. పదికి పది నిమిషాలుంది. నాకు ఒళ్లు మండిపోయి బస్సు దిగేశాను.

"ఏటమ్మా, టిక్కట్టు కొని నడిసెళ్తారేటి? కూకోండి, ఇప్పుడే కదుల్తాది" అన్నాడు కండక్టరు కొండబాబు. ఆ మాట సూరయ్యా చెప్పాడు, రిక్షావాడూ చెప్పాడు.

బళ్ల మధ్య ఒక రిక్షాలో లక్ష్మీనరసమ్మగారు కనిపించారు.

"పద్మకుమారీ, ఎక్కు. నాతో వస్తే నిన్నెవరడుగుతారు?"

కాళ్లు ఆగాయి. ఆశ పుట్టిందని ఒప్పుకుంటాను. కానీ ఇవాళ ఆవిడ దయ, రేపెవరి దయ?

"నడిచే వెళ్తానండీ."

చెప్పులు చేతిలో పట్టుకుని, పట్టాలు దాటి, ఒకటే పరుగు. నా సంతకం పూర్తవగానే గంట మోగింది. చివరి సంతకం నాదే. ఎర్ర పెన్సిలు తీసుకుని గీత గీశాను.

పావుగంట తర్వాత హెడ్మిస్ట్రెస్ వచ్చారు. పట్టీ చూశారు.

"ఎవరు గీశారు?"

"నేనేనండీ."

ఆవిడ గీత కింద సంతకం చేశారు. కలం మూత పెడుతూ నా కాళ్ల దుమ్ము చూశారు.

"రేపు ఎన్నింటికి బయల్దేరతావు? గేటు దగ్గర ఆగు, నేనూ నడుస్తాను."