చదవని పన్నెండు పేజీలు

పుంగనూరు గ్రంథాలయంలో నాగరత్నమ్మ బల్ల మీద మూడు పుస్తకాలు వరసగా పేర్చింది. ‘కొండ దిగిన వాన’, ‘సిద్దమ్మ వాకిట్లో’, ‘పూటంతా నిలబడింది’. మూడు పేర్లూ కలిపి చదివితే ఒకే వాక్యం. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అది 1997 గ్రంథాలయ వారోత్సవాల పోటీ. పుస్తకాల పేర్లతో వాక్యం కట్టాలి. కట్టిన ప్రతి పుస్తకమూ చదివి ఉండాలి. గెలిస్తే సొంత పేరుతో సభ్యత్వ కార్డు ఇస్తారు. పోటీకి వచ్చిన మిగతా ఇద్దరూ అప్పటికే తడబడి తప్పుకున్నారు.

నాగరత్నమ్మ ఇన్నాళ్ళూ భర్త వరదరాజులు కార్డు మీదే పుస్తకాలు తెచ్చుకునేది. చదువులో పడి మూడుసార్లు పప్పు మాడ్చేసరికి ఆయన తేల్చి చెప్పేశాడు: "ఈ పొద్దు గెలిస్తే నీ కార్డు నీది. లేదంటే నా కార్డు ఆడనే వాపసిచ్చేస్తా. ఇంక పుస్తకం మాటెత్తొద్దు." ఇప్పుడాయన కార్డు జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

మదనపల్లె నుంచి వచ్చిన న్యాయనిర్ణేత కృపాదానం మాస్టారు మూడో పుస్తకం చేతికి తీసుకున్నాడు.

"వాక్యం బాగుండాదమ్మా. సరే, కడాన ఆ పెండ్లికూతురు కనకం గతి ఏమాయె?"

నాగరత్నమ్మకు నోరెండిపోయింది. కార్తీక సోమవారం ఉపవాసం వల్ల కాదు. ఆమెకు తెలియదు.

పురాణం చదివేటప్పుడు చావు దగ్గరో యుద్ధం దగ్గరో పుస్తకం మూయకూడదనీ, పెళ్ళి దగ్గరో పట్టాభిషేకం దగ్గరో ఆపాలనీ అత్తగారు నేర్పింది. నాగరత్నమ్మ నవలలకూ అదే పాటించింది. కనకం మెడలో తాళి పడగానే దణ్ణం పెట్టుకుని పుస్తకం మూసేసింది. ఇంకా పన్నెండు పేజీలున్నాయి.

సుఖంగా ఉండిందని చెప్పేస్తే? శివుడి రోజున అబద్ధమా!

"పెండ్లి దాకానే సదివినాను సార్," అంది.

"పెండ్లి బువ్వ తినేసి లేసొచ్చేసినావామ్మా!" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. వరదరాజులు జేబులో చెయ్యి పెట్టాడు.

మాస్టారు గడియారం చూశాడు. "ఐదుకు మూసే గంట కొడతారు. ఇరవై నిమిషాలుండాది. ఆ లోపల సదివి సెప్తే ఒప్పుకుంటాను."

ఆమె కూర్చుంది. పెళ్ళి తర్వాతి మొదటి వాక్యంలోనే కనకం భర్తను పాము కరిచింది. వేళ్ళు ఆగిపోయాయి. ఒక్కపొద్దు పూట, ఇంట్లో దీపమైనా పెట్టకుండా చావు చదవడమా? కానీ తను పుస్తకం మూసినంత మాత్రాన కనకానికి కష్టం రాకుండా పోయిందా? దేవుడు మంచీ చెడ్డా అన్నీ చూస్తూనే ఉంటాడే, తను మాత్రం మంచి చోట లేచి వచ్చేస్తే అది భక్తి అవుతుందా?

పేజీ తిప్పింది.

"ఐదు నిమిషాలుండాదమ్మా," అన్నాడు మాస్టారు.

అక్షరాలు నీళ్ళలో తేలాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంకా రెండు పేజీలు. అటెండరు వెళ్ళి గంట పక్కన నిలబడ్డాడు. ఆఖరి వాక్యం మీద ఆమె వేలుండగానే గంట మోగింది.

"పెండ్లయిన నెలకే మొగుణ్ణి పాము కరిసింది సార్," అంది నాగరత్నమ్మ లేచి. "అందురూ పుట్టింటికి పొమ్మన్నారు. ఆ యమ్మ పోలేదు. మొగుడు విత్తిన సెనక్కాయ సేన్లో పూటంతా నిలబడింది. తెల్లారి కొంగు బిగించి తానే పెరికింది."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కొత్త కార్డు మీద ఆమె పేరు రాశాడు.

రోడ్డెక్కగానే వరదరాజులు ఆగలేకపోయాడు.

"ఒంటి ఆడమనిషి, అంత సేను ఎట్ల పెరికిందే?"

"మీ కార్డు మీ జేబులోనే ఉండాది కదా, సదువుకోండి," అంది నాగరత్నమ్మ, దీపం వేళ దాటకుండా గబగబా అడుగులేస్తూ.